సామర్లకోట డాక్టరు, మన కొండల మందులు: విలియం రాక్స్‌బర్గ్ జీవితం

మా హాస్టల్ వంటగది వెనక ఒక వావిలి పొద ఉంది. ఎవరూ నాటింది కాదు, ఎవరూ కొట్టేసిందీ కాదు. రాత్రి గిన్నెలు తోమి బోర్లించాక మా కామాటి అక్క అక్కడికి వెళ్లి నాలుగు రెమ్మలు తుంచుకొస్తుంది. పెనం మీద కాస్త ఆముదం వేసి, ఆకును వెచ్చచేసి, పాత చీర పేలికలో మూటకట్టి మోకాళ్లకు కాపడం పెట్టుకుంటుంది. పొద్దున్నే లేచి పెద్ద పెద్ద గుండిగలు దించే మనిషి ఆమె. నొప్పి పూర్తిగా పోదని ఆమెకు తెలుసు. రాత్రికి నిద్ర పడితే చాలంటుంది.

మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకసారి సైన్సు గదిలో ఉన్న చెట్ల చార్టు చూసి నన్ను ఒక ప్రశ్న అడిగింది. తునికి చెట్టు శాస్త్రీయ నామం చివర ఆర్, ఓ, ఎక్స్, బి అని నాలుగు అక్షరాలున్నాయి. వేగిస చెట్టు పేరు చివర కూడా అవే ఉన్నాయి. తపసి చెట్టుకూ అంతే. మేడమ్, ఇవన్నీ మన ఊరి చెట్లే కదా, ఈ నాలుగు అక్షరాల మనిషి ఎవరు అని ఆ పిల్ల సందేహం. టీచర్ ట్రైనింగ్‌లో వృక్షశాస్త్రం చదివిన నాకు ఆ అక్షరాలు రాక్స్‌బర్గ్ అనే పేరుకు కుదింపు అని తెలుసు. కానీ ఆ మనిషి మన గడప దగ్గర పన్నెండేళ్లు ఉన్నాడని, మన ఇప్పచెట్టుకు, అందుగు చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టింది ఆయనేనని అప్పటికి తెలియదు. తర్వాత వెతికి చదువుకున్నాను.

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా వచ్చే ఈ సంచికలో ఒక ఇంగ్లీషు కంపెనీ డాక్టరు జీవితం ఎందుకని కొందరు పెద్దలు అనుకోవచ్చు. చివరిదాకా చదవండి. ఆయన చేసిన మేలు ఉంది, చేయకుండా వదిలేసిన పని ఒకటి ఉంది. ఆ వదిలేసిన పని ఇప్పుడు మన చేతుల్లో ఉంది.

స్కాట్లాండ్ నుంచి మద్రాసుకు

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లోని అయిర్‌షైర్ ప్రాంతంలో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. ఆ రోజుల్లో వైద్యం చదివేవాడికి మొక్కల చదువు తప్పనిసరి. మందుల్లో ఎక్కువ భాగం మొక్కల నుంచే వచ్చేవి కాబట్టి ఏ మొక్క ఏదో తెలియని డాక్టరు పనికిరాడు. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు ఆయనకు వృక్షశాస్త్రం నేర్పాడు. చదువు కాగానే ఈస్టిండియా కంపెనీ ఓడల మీద వైద్య సహాయకుడిగా పనిచేసి, 1776లో మద్రాసు చేరి కంపెనీ ఆసుపత్రిలో అసిస్టెంట్ సర్జన్ అయ్యాడు. అప్పటికి ఆయన వయసు 25.

మద్రాసులో ఉన్నప్పుడే ఆయనకు ఒక అలవాటు ఉండేది. రోజూ వేళ తప్పకుండా ఎండ వేడిమి, గాలి పీడనం, వాన కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు. ఆ లెక్కలు 1778లోనే లండన్‌లో అచ్చయ్యాయి. చూసింది చూసినట్టు, ఆలస్యం చేయకుండా రాసుకోవడం ఆయన జీవితమంతా చేసిన పని. మనం ఆయన నుంచి నేర్చుకోవలసింది మొదట ఇదే.

తంజావూరు తీరంలోని తరంగంబాడిలో అప్పుడు యోహాన్ కోనిగ్ అనే వైద్యుడు ఉండేవాడు. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్‌కు ఆయన శిష్యుడు. ఆయన స్నేహంతో రాక్స్‌బర్గ్‌కు దక్షిణ భారత మొక్కల మీద పట్టు దొరికింది. ఆ కోనిగ్ 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే చనిపోయాడు. చివరి రోజుల్లో రాక్స్‌బర్గే ఆయనను చూసుకున్నాడు.

సామర్లకోటలో పన్నెండేళ్లు

1781లో రాక్స్‌బర్గ్‌ను సామర్లకోట పంపారు. అక్కడ కంపెనీ సిపాయిల దండు ఉండేది. దండుకు డాక్టరు ఆయన. రాజమండ్రి నుంచి వచ్చే రైలు సామర్లకోటలో ఆగినప్పుడు మనలో ఎంతమంది ప్లాట్‌ఫారం మీద టీ తాగి ఉంటాం! ఆ ఊళ్లోనే ఒకప్పుడు మన దేశపు మొక్కల చదువుకు పునాది పడిందని అక్కడ చెప్పేవాళ్లు తక్కువ.

ఆ చోటు ఆయనకు బాగా కలిసొచ్చింది. ఒక వైపు కోరంగి రేవు, సముద్రం. మరో వైపు రంప కొండలు. మధ్యలో గోదావరి పల్లపు నేలలు. అక్కడ తోట వేశాడు. కాఫీ, దాల్చిన, జాజికాయ, జాఫ్రా, మల్బరీ, రొట్టెపనస లాంటివి తెప్పించి నాటాడు. ఉత్తరాన ఉన్న కొండల్లో మిరియపు తీగ అడవిలోనే పెరుగుతోందని తెలిసి, దాన్ని తెచ్చి తోటలో పెంచాడు. చెరకు సాగును, పట్టుపురుగుల పెంపకాన్ని, నీలిమందును పరిశీలించాడు. ఇప్పుడు ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకుల నుంచి కూడా నీలిరంగు తీయవచ్చని చేసి చూపించాడు.

ఇవన్నీ కంపెనీకి లాభం కోసమే చేసిన పనులు. అందులో దాపరికం లేదు. కంపెనీ ఆయనకు జీతం ఇచ్చింది ఏ చెట్టు నుంచి ఏ సరుకు వస్తుందో తెలుసుకోవడానికే. అడవిలో ఏముందో దొరలకు లెక్క తెలిసిన తర్వాత ఏం జరిగిందో మన తాతలు అనుభవించారు. 1882 మద్రాసు అటవీ చట్టం నాటికి మన పోడుకూ మన కట్టెపుల్లకూ కూడా అనుమతి కావలసి వచ్చింది. రాక్స్‌బర్గ్ అప్పటికి చాలా కాలం కిందటే పోయాడు. అయినా ఆ దారి మొదట వేసిన వాళ్లలో ఆయన కూడా ఉన్నాడని మనం మరిచిపోనక్కర్లేదు.

అయితే మనిషిని ఒక్క వైపు నుంచే చూస్తే అన్యాయం అవుతుంది. 1789 నుంచి నాలుగేళ్లు ఉత్తర సర్కారుల్లో వానలు మొహం చాటేశాయి. ఘోరమైన కరువు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. రాక్స్‌బర్గ్ ఆ చావులు కళ్లారా చూశాడు. అంతకు వందేళ్ల ముందు, 1685 నుంచి 1687 వరకు కూడా ఇలాంటి కరువే వచ్చిందని పిఠాపురం రాజావారి దగ్గరున్న పాత రాతల ద్వారా తెలుసుకున్నాడు. ఒక్క వరినే నమ్ముకుంటే మళ్లీ ఇదే గతి అని, బాటల పక్కన, కాలువ గట్ల మీద కొబ్బరి, తాటి, ఈత, పనస, అరటి లాంటివి నాటించాలని పైవాళ్లకు రాశాడు. వాన లేకపోయినా తినడానికి ఏదో ఒకటి ఇచ్చే చెట్లు అవి. ఎండాకాలంలో ఇప్పపువ్వు ఎండబెట్టి దాచుకునే మన ఇళ్లకు ఈ తెలివి కొత్తది కాదు. ఒక కంపెనీ డాక్టరు దాన్ని కాగితం మీద పెట్టాడు.

కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం

1789లో పాట్రిక్ రస్సెల్ అనే మరో డాక్టరు స్వదేశానికి వెళ్లిపోతే, మద్రాసు వైపు కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త బాధ్యత రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. ఉపయోగపడే మొక్కల బొమ్మలు, వివరాలు పంపించమని లండన్ నుంచి ఆదేశం. ఆయన ఇక్కడి చిత్రకారులను పెట్టుకుని మొక్కలను ఉన్నవి ఉన్నట్టు గీయించాడు. ఆకు, పువ్వు, కాయ, గింజ, ఒక్కోదాన్ని కోసి లోపల ఎలా ఉందో కూడా గీయించాడు. ఆయన పంపిన ఐదు వందల బొమ్మల్లోంచి మూడు వందలు ఎంచి, లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో అచ్చువేశారు. అదే కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథం. 1795లో మొదలై 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది.

ఆ పుస్తకంలో చాలా మొక్కలకు లాటిన్ పేరుతో పాటు తెలుగు పేరు కూడా ఇచ్చాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, విన్నంతలో రాసిన తెలుగు. ఇది చిన్న విషయం కాదు. తెలుగు పేరు రాశాడంటే తెలుగు పేరు చెప్పినవాళ్లు ఎవరో పక్కన నిలబడి ఉన్నారన్నమాట. కొన్నిచోట్ల ఆ పేరు లాటిన్ పేరులోకే ఎక్కింది. జ్వరానికి వాడే సోమిద చెట్టు బెరడు సింకోనా బెరడుకు బదులు పనికొస్తుందేమోనని ఆయన పరీక్షించి, బెరడును బ్రిటన్‌కు పంపి, 1793లో దాని మీద ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం రాశాడు. తర్వాత ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ చెట్టు జాతికి సోయ్‌మిడా అనే పేరే ఖాయం చేశాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ మూల ఎవరు ఆ చెట్టు గురించి రాసినా మన తెలుగు మాటనే రాయాలి.

నొప్పులకు మందులు: ఆయన రాసినవి, మనకు తెలిసినవి

ఇక మా కామాటి అక్క మోకాళ్ల దగ్గరకు వస్తాను. కొండ ఎక్కి దిగేవాళ్లకు, కావడి మోసేవాళ్లకు, నాట్లలో నడుం వంచేవాళ్లకు కీళ్ల నొప్పి, కండరాల నొప్పి తప్పవు. అందుకే మన ఇళ్లలో నొప్పుల మందులు ఎక్కువ. వాటిలో కొన్నిటి మీద రాక్స్‌బర్గ్ చేతి ముద్ర ఉంది.

మొదటిది నల్లజీడి. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే గింజ ఇదే. కాయ పెంకులో నల్లటి చిక్కటి రసం ఉంటుంది. అది మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన చెట్టు. ఆ రసం తగిలితే కొందరికి ఒళ్లు పొక్కిపోతుంది. రాక్స్‌బర్గ్ దీని గురించి రాస్తూ, ఇక్కడి జనం కీళ్లవాతానికీ, ఒళ్లునొప్పులకూ, బెణుకులకూ ఈ రసాన్ని పైపూతగా వాడతారని నమోదు చేశాడు. అంతటితో ఆగలేదు. సుకుమారమైన ఒళ్లు ఉన్నవాళ్లకు మంట, వాపు వస్తాయని, అలా రానివాళ్లకు బాగా పనిచేస్తుందని కూడా రాశాడు. మరో జబ్బుకు తెలుగు వైద్యులు దీన్ని వెల్లుల్లి, చింతాకు రసం, కొబ్బరినూనె, పంచదారతో ఉడికించి ఎంత కొలతలో ఇస్తారో కూడా రాసుకున్నాడు. ఆ కొలతలు నేను ఇక్కడ ఇవ్వను. జీడిని ఎవరూ సొంతంగా లోపలికి తీసుకోకూడదు.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో నా చీలమండ బెణికింది. మా నానమ్మ జీడిగింజను సూదికి గుచ్చి దీపం మీద కాల్చి, ఊరిన రసంతో కీలు చుట్టూ చుక్కలు పెట్టడం చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. నాకు తెలుసులే అనుకుని, సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు గింజ దంచి చీలమండ అంతా పూసేశాను. తెల్లారేసరికి కాలు బుడగలెక్కింది. మూడు వారాలు చెప్పు వేసుకోలేకపోయాను. మచ్చ ఇప్పటికీ ఉంది.

నానమ్మ అప్పటికే పోయింది. తర్వాత మా మేనత్త చెప్పింది. నానమ్మ ఎవరికైనా సరే ముందు ముంజేతి మీద ఒక్క చుక్క పెట్టి, ఒక రాత్రి ఆగి చూసేదట. పొక్కితే ఇక ఆ మనిషికి జీడి పెట్టేది కాదట. పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు అసలే పెట్టేది కాదట. ఎన్ని చుక్కలు, ఎంత ఎడం, పెట్టేముందు ఏ నూనె రాయాలి అన్నవి మేనత్తకూ గుర్తులేవు. నేను చూసింది మందును. చూడనిది కొలతను. రాక్స్‌బర్గ్ రాసిన హెచ్చరిక, నానమ్మ చేతిలో ఉన్న జాగ్రత్త, రెండూ ఒకటే. ఆయనది పుస్తకంలో మిగిలింది, ఆమెది సగమే మిగిలింది.

రెండోది ఇప్ప. మన చెట్టుకు బస్సియా లాటిఫోలియా అని పేరుపెట్టి, బొమ్మతో సహా ఆ పుస్తకం మొదటి సంపుటంలోనే చేర్చింది రాక్స్‌బర్గ్. లాటిఫోలియా అంటే వెడల్పాటి ఆకు అని అర్థం. కొండ ప్రాంతాల వాళ్లు పువ్వును తింటారని, దాని నుంచి సారా దించుతారని, గింజల నుంచి నూనె తీస్తారని లోకానికి తెలిపాడు. ఇప్పనూనె చలికి పేరుకుంటుంది. వెచ్చచేసి మోకాలికి, నడుముకు, పిక్కలకు మర్దన చేస్తే ఒళ్లు సడలుతుంది. బాలింతకు స్నానం ముందు రాసే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. ఇందులో మహత్యం ఏమీ లేదు. వెచ్చటి నూనె, చేతి ఒత్తిడి, కాసేపు విశ్రాంతి. కండరాల నొప్పికి ఈ మూడూ నిజంగానే పనిచేస్తాయి.

మూడోది అందుగు. ఎండు కొండల రాతి నేలల్లో పెరిగే చెట్టు. గాటు పెడితే సువాసన బంక కారుతుంది. కొందరు గుగ్గిలం అంటారు, సాంబ్రాణిలా పొగ వేస్తారు. రాక్స్‌బర్గ్ ఈ జాతికి బోస్‌వెల్లియా అని పేరు పెట్టాడు. ఎడిన్‌బరోలో జాన్ బోస్‌వెల్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన గౌరవార్థం పెట్టిన పేరు అది. సంస్కృత పండితుడు కోల్‌బ్రూక్ 1807లో ఈ చెట్టు గురించి ఆసియాటిక్ రీసెర్చెస్‌లో వ్యాసం రాసి, రాక్స్‌బర్గ్ ఇచ్చిన పేరుతోనే అచ్చువేయించాడు. ఆయుర్వేదంలో దీన్ని సల్లకి అంటారు.

ఈ రోజు మందుల షాపులో కీళ్ల నొప్పి మాత్రల పెట్టె మీద బోస్‌వెల్లియా అని కనిపిస్తే అది మన అందుగు బంకే. దానిలోని బోస్‌వెల్లిక్ ఆమ్లాలు వాపును కొంత తగ్గిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. 2014లో వచ్చిన కోక్రేన్ సమీక్ష కూడా మోకాళ్ల అరుగుదల నొప్పిలో కొద్దిపాటి మెరుగు ఉందని తేల్చింది. కొద్దిపాటి అన్న మాట గమనించండి. అరిగిన కీలును అది తిరిగి పెంచదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు.

నాలుగోది వావిలి. దీనికి పేరు పెట్టింది లిన్నేయస్. అయితే రాక్స్‌బర్గ్‌కు సమకాలికుడు, కలకత్తా తోటను ఆయన రాకముందు కొన్నాళ్లు చూసుకున్న డాక్టరు జాన్ ఫ్లెమింగ్ 1810లో భారతీయ మందుమొక్కల జాబితా రాశాడు. వావిలాకును కుండలో వేడిచేసి, వాచిన కీళ్ల మీద ఓర్చుకోగలిగినంత వేడిగా కడతారని అందులో చెప్పాడు. మా కామాటి అక్క పెనం మీద వేడిచేస్తుంది. అంతే తేడా.

ఇక్కడ ఒక మాట టీచరుగా చెప్పాలి. కీలు ఎర్రగా వాచి జ్వరం వస్తే, పిల్లల్లో ఒక కీలు తగ్గి మరో కీలు నొప్పి పుడుతుంటే, పడ్డ తర్వాత కాలు మోపలేకపోతే ఆకు కట్టి కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లల్లో కీళ్ల జ్వరం గుండెకు చేటు చేస్తుంది. మన పెద్ద వైద్యులు కూడా తమ చేతిలో లేనిదాన్ని పైకి పంపేవాళ్లే. ఏది తన పని కాదో తెలిసినవాడే మంచి వైద్యుడు.

కలకత్తా, చివరి రోజులు

1793లో రాక్స్‌బర్గ్‌ను కలకత్తా కంపెనీ తోటకు అధిపతిగా పంపారు. హుగ్లీ నది ఒడ్డున శిబ్‌పూర్‌లో ఉన్న ఆ తోట 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టింది. పెద్ద మర్రిచెట్టు ఉన్న తోట అంటే చాలామందికి తెలుస్తుంది. అక్కడ ఇరవై ఏళ్లు పనిచేశాడు. మొత్తం రెండున్నర వేలకు పైగా మొక్కల బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ హౌరాలోని కేంద్ర హెర్బేరియంలో, వాటి నకళ్లు లండన్‌లోని క్యూ తోటలో ఉన్నాయి.

ఆరోగ్యం చెడి 1813లో ఈ దేశం వదిలాడు. వచ్చి 37 ఏళ్లయింది. దారిలో సెయింట్ హెలెనా దీవిలో ఆగినప్పుడు కూడా అక్కడి మొక్కల జాబితా రాశాడు. 1815లో ఎడిన్‌బరోలో చనిపోయాడు. ఆయన రాతప్రతులు శ్రీరాంపూర్‌లో ఉన్న మిషనరీ విలియం కేరీ దగ్గర ఉండిపోయాయి. కేరీ 1814లో తోట మొక్కల జాబితాను, తర్వాత ఫ్లోరా ఇండికా అనే పెద్ద గ్రంథాన్ని అచ్చువేయించాడు. అది పూర్తిగా బయటకు వచ్చేసరికి 1832. రాసినవాడు పోయి అప్పటికి పదిహేడేళ్లు. భారత వృక్షశాస్త్ర పితామహుడని ఆయనను పిలుస్తారు.

ఆయన రాయని పేర్లు

చార్టు ముందు నిలబడి అడిగిన ఆ పిల్లకు నేను ఈ కథంతా చెప్పాను. అంతా విని మరో ప్రశ్న వేసింది. జీడి సంగతి ఆయనకు ఎవరు చెప్పారు?

జవాబు పుస్తకంలో లేదు. జనం వాడతారు, తెలుగు వైద్యులు వాడతారు, కొండవాళ్లు తింటారు అని ఉంటుంది. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఏ అవ్వ, ఏ తాత అని ఉండదు. ఆ బొమ్మలు గీసిన చేతుల పేర్లు కూడా చాలావరకు లేవు. ఎడిన్‌బరో డాక్టరు పేరు మన అందుగు చెట్టుకు పెట్టారు. అందుగు బంక ఎక్కడ దొరుకుతుందో చూపించినవాడి పేరు ఎక్కడా పెట్టలేదు. రాక్స్‌బర్గ్ చెడ్డవాడని నేను అనడం లేదు. తెలుగు పేర్లు రాసిన పాటి గౌరవం కూడా తర్వాత వచ్చిన చాలామందికి లేదు. కానీ మందు పేరు రాసి, చెప్పిన మనిషి పేరు వదిలేయడం అప్పటి నుంచే మొదలైంది. అది ఈ రోజుకూ ఆగలేదు.

ఇప్పుడు మనకు చట్టం ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. ఊళ్లో ఉన్న మొక్కలు, వాటి గురించి తెలిసినవాళ్లు, ఆ తెలివి అందులో నమోదు కావాలి. ఎవరైనా కంపెనీవాళ్లు ఆ తెలివితో వ్యాపారం చేస్తే లాభంలో ఊరికి వాటా అడిగే హక్కుకు ఆ రిజిస్టరే ఆధారం. మీ పంచాయతీలో ఆ పుస్తకం ఉందో లేదో ఈసారి గ్రామసభలో అడగండి. ఉంటే తెరిచి, మీ ఊరి వైద్యుల పేర్లు ఉన్నాయో లేదో చూడండి.

మా హాస్టల్‌లో మేము చేసింది చాలా చిన్న పని. పోయిన దసరా సెలవులకు వెళ్లేముందు పిల్లలందరికీ తలా ఒక నోట్‌బుక్ ఇచ్చాను. ఒక్కో మొక్కకు ఒక పేజీ. మన భాషలో పేరు, తెలుగు పేరు, ఏ భాగం వాడతారు, ఎంత, ఎవరికి వాడకూడదు అని గళ్లు గీయించాను. అన్నిటికంటే పైన ఒక గడి. చెప్పినవాళ్ల పేరు, ఊరు. చెప్పడం ఇష్టంలేని పెద్దలను బలవంతం చేయొద్దని, వాళ్లు దాచుకోమన్నది దాచుకోవాలని గట్టిగా చెప్పాను. ఒక పిల్ల తాత ఏమీ చెప్పలేదు. అడవిలోకి నాతో రా, అక్కడ చూపిస్తాను, కాగితం మీద పెట్టొద్దు అన్నాడట. ఆ పిల్ల పేజీ ఖాళీగా తెచ్చింది. నేను పూర్తి మార్కులు వేశాను.

ఇంకో పిల్ల తన నానమ్మ దగ్గర నొప్పుల నూనె గురించి అడిగింది. ఏడు రకాల ఆకులూ వేర్లూ వేస్తానని ఆ అవ్వ చెప్పి, మొదటి రెండూ చూపించిందట. మిగతావి వానలు తగ్గాక దొరుకుతాయి, సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తానందట. సంక్రాంతికి ముందే అవ్వ పోయింది. ఆ పేజీలో రెండు పేర్లు రాసి ఉన్నాయి, కింద ఐదు అంకెలు వేసి ఖాళీగా ఉన్నాయి. ఆ పేజీని అలాగే ఉంచాం. పైన అవ్వ పేరు మాత్రం గుండ్రటి అక్షరాలతో పూర్తిగా ఉంది.

ఆ నోట్‌బుక్కులు మా బీరువాలో ఉన్నాయి. వాటిలోని మందులు ఇక్కడ అచ్చువేయడం లేదు. అవి ఆ ఊళ్లవి, ఆ ఇళ్లవి. నా నోట్‌బుక్ మొదటి పేజీలో నల్లజీడి అని రాసి, మా నానమ్మ పేరు రాసుకున్నాను. తెలిసిన మూడు జాగ్రత్తలు కింద రాశాను. వావిలి పేజీలో కామాటి అక్క పేరు ఉంది.

రాక్స్‌బర్గ్ దగ్గర తీసుకోవలసిన అలవాటు తీసుకుందాం. చూసింది చూసిన రోజే రాద్దాం, మేలుతో పాటు కీడు కూడా రాద్దాం, కొలత రాద్దాం. ఆయన వదిలేసిన గడిని మనం నింపుదాం. ఈ సంచిక చదివే అన్నలకు, అక్కలకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. ఈ పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో మోకాళ్లు పట్టుకుని కూర్చున్న అవ్వ పక్కన కాసేపు కూర్చోండి. ఆమె ఏం రాసుకుంటుందో అడగండి. వానలు తగ్గాక చూద్దాంలే అనుకోకండి.

జై ఆదివాసీ.